రోబోకి బెల్టు, రోలర్లతో బంతిని లోపలికి లాగే ఇన్‌టేక్ ఎలా కట్టాలి

"అన్నా, మోటార్ తిరుగుతోంది, రోలర్ తిరుగుతోంది, బంతి మాత్రం లోపలికి రావట్లేదు. ఇంకా పెద్ద మోటార్ కొనమంటారా?"

రోబో పోటీలకు రెండు నెలల ముందు నుంచి ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంటుంది. అడిగేవాళ్లలో ఎక్కువమంది బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్న మన తెలుగు పిల్లలు. హాస్టల్ గదిలో మంచం కింద రోబో పెట్టుకుని రాత్రి ఒంటిగంటకు వీడియో తీసి పంపుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసి పెడదామని ఇది రాస్తున్నాను. ముందు జవాబు చెప్పేస్తాను: పెద్ద మోటార్ కొనకండి. రోలర్‌కీ నేలకీ మధ్య సందు ఎంతుందో కొలవండి, తర్వాత షాఫ్టుల (రోలర్లు తిరిగే ఇరుసుల) మధ్య దూరం రెండు చివర్లా ఒక్కటేనా చూడండి. నా దగ్గరికి వచ్చిన ఇన్‌టేకుల్లో మోటార్ బలం చాలక ఆగినవి చాలా తక్కువ. సందు తప్పయి ఆగినవి, షాఫ్ట్ వంకర పోయి ఆగినవే ఎక్కువ.

పోటీలో ఇచ్చే వస్తువు ఏటా మారుతుంది. ఎఫ్‌ఆర్‌సీ (ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్) అనే పోటీలో 2020లో 7 అంగుళాల ఫోమ్ బంతులు ఇచ్చారు, 2024లో 2 అంగుళాల మందం ఉన్న ఫోమ్ రింగులు ఇచ్చారు. ఆసియా-పసిఫిక్ దేశాల కాలేజీ టీంల పోటీ అయిన ఏబీయూ రోబోకాన్ 2025లో మంగోలియాలోని ఉలాన్‌బాతర్‌లో జరిగింది, అందులో ఆట బాస్కెట్‌బాల్. వస్తువు ఏదైనా కట్టే పద్ధతి మాత్రం ఇదే. లెక్కల కోసం ఇక్కడ 7 అంగుళాల ఫోమ్ బంతిని, అంటే 178 మి.మీ. వ్యాసం ఉన్నదాన్ని తీసుకుంటున్నాను. మీరు మీ కొలత పెట్టుకోండి.

పని మొదలెట్టే ముందు ఈ ఏటి రూల్ బుక్‌లో రోబో సైజు ఉన్న పేజీ మళ్లీ ఒకసారి చదవండి. ఎఫ్‌టీసీలో (ఫస్ట్ టెక్ ఛాలెంజ్ పోటీలో) అయితే ఆట మొదలయ్యేటప్పుడు రోబో మొత్తం 18 అంగుళాల ఘనంలో, అంటే ప్రతి వైపూ 45.7 సెం.మీ. లోపల పట్టాలి. ఇన్‌టేక్‌ని బయటికి వాల్చే ఉద్దేశం ఉంటే మడిచినప్పుడు ఆ పెట్టెలో పడుతుందో లేదో ఇప్పుడే చూసుకోండి. అంతా కట్టాక 12 మి.మీ. బయటికి వచ్చిందని తెలిస్తే కోయడానికి ఏమీ మిగలదు.

కావలసినవి

- ట్రయల్ కోసం 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు, రెండు పక్క పలకలకు సరిపడా. అసలు పలకలకు తర్వాత 5 లేదా 6 మి.మీ. పాలీకార్బొనేట్ గానీ అల్యూమినియం గానీ.
- 50 మి.మీ. పీవీసీ పైపు (బయటి వ్యాసం). చిన్న బంతులకు 40 చాలు.
- 10 లేదా 12 మి.మీ. స్టీల్ షాఫ్ట్. 8 మి.మీ. రాడ్ చవకగా దొరుకుతుందని అదే వాడేస్తారు, 30 సెం.మీ. దాటితే అది వంగుతుంది. గుండ్రటి రాడ్ గట్టితనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి 8 నుంచి 10కి వెళ్తేనే దాదాపు 2.4 రెట్లు వస్తుంది.
- బేరింగులు: 10 మి.మీ. షాఫ్ట్‌కి 6000, 12 మి.మీ.కి 6001. 8 మి.మీ. తప్పదనుకుంటే 608.
- హెచ్‌టీడీ 5ఎం టైమింగ్ బెల్ట్ (లోపలివైపు పళ్లుండే బెల్ట్, మోటార్ నుంచి రోలర్‌ని తిప్పడానికి), 9 లేదా 15 మి.మీ. వెడల్పు, దానికి 24 పళ్ల పుల్లీలు రెండు.
- బంతిని మోసుకెళ్లడానికి 6 మి.మీ. పీయూ (పాలీయురెథేన్) రౌండ్ బెల్ట్, అదే ఆకుపచ్చ రంగులో గరుకుగా ఉండేది.
- 12 వోల్టుల గేర్డ్ మోటార్, డ్రైవర్ (మోటార్‌కి కరెంట్ ఇచ్చి నడిపే సర్క్యూట్ బోర్డు), ఫ్యూజ్.
- పాత సైకిల్ ట్యూబ్, షాఫ్ట్ కాలర్లు (షాఫ్ట్ పక్కకి జరగకుండా దాని మీద బిగించే ఉంగరాలు), నైలాక్ నట్లు (లోపల నైలాన్ ఉంగరం ఉండి వాటంతటవే ఊడని నట్లు), జిప్ టైలు.
- వెర్నియర్, మూలమట్టం, ఆకురాయి, డ్రిల్, సీ క్లాంపులు రెండు, మల్టీమీటర్.

బెంగళూరులో వీటికోసం ఊరంతా తిరగక్కర్లేదు. మెట్రో గ్రీన్ లైన్‌లో చిక్కపేటలో దిగి ఎస్పీ రోడ్డుకి నడిచి వెళ్లొచ్చు. మోటార్లు, డ్రైవర్లు, నట్లు, బోల్టులు, పనిముట్లు ఆ వీధుల్లోనే దొరుకుతాయి. లేత్ పని కావాలంటే అదే లైన్‌లో ఉత్తరంగా పీణ్య వెళ్లండి. అక్కడి చిన్న షెడ్లలో షాఫ్ట్ చివర తగ్గించడం, పుల్లీ బోర్ పెంచడం లాంటి పనులు చేస్తారు. డ్రాయింగ్ చేత్తో గీసినా పరవాలేదు, కొలతలు మాత్రం మి.మీ.లలో రాసి, బేరింగ్‌ని కూడా వెంట తీసుకెళ్లి టర్నర్ చేతిలో పెట్టండి. "ఇది బిగుతుగా ఎక్కాలి" అని వస్తువు చూపిస్తే ఏ భాషలోనైనా పని అవుతుంది. ఎస్పీ రోడ్డుకి ఆదివారం వెళ్లకండి, చాలా షాపులు మూసే ఉంటాయి.

బెల్ట్ కొనేటప్పుడు దాని మీది అచ్చు చదవడం నేర్చుకోండి. 500-5ఎం-15 అని ఉంటే పొడవు 500 మి.మీ., పళ్ల మధ్య దూరం 5 మి.మీ., వెడల్పు 15 మి.మీ. అని అర్థం. పుల్లీ కూడా 5ఎం దే కావాలి. త్రీడీ ప్రింటర్‌లో వాడే జీటీ2 బెల్ట్‌కి పళ్ల మధ్య 2 మి.మీ. ఉంటుంది, అది వేరే జాతి. 3ఎం పుల్లీ మీద జీటీ2 వేసి "పళ్లు జారుతున్నాయి, టెన్షన్ పెంచాలా" అని అడిగినవాళ్లున్నారు. ఎంత బిగించినా అది కుదరదు.

1. బంతిని కొలవండి, ఒక్కదాన్ని కాదు

కనీసం ఐదు బంతులు తీసుకుని ఒక్కోదాన్ని మూడు దిక్కుల్లో కొలవండి. కొత్త ఫోమ్ బంతికీ, వారం ఆడిన బంతికీ తేడా ఉంటుంది. గాలి బంతి అయితే గాలి ఎంతుందో బట్టి మారుతుంది. అన్నిటికంటే పెద్దదీ, అన్నిటికంటే చిన్నదీ పక్కన పెట్టి వాటి మీద మార్కర్‌తో గుర్తు వేయండి. చివరి వరకూ ప్రతి పరీక్షా ఆ రెండిటితోనే చేయాలి. మధ్యరకం బంతితో పనిచేసింది కదా అని వదిలేస్తే పోటీ రోజున చిన్న బంతి రోలర్ కింద ఊరికే పడి ఉంటుంది.

2. ప్లైవుడ్‌తో ట్రయల్

ఈ మెట్టు దాటేసి నేరుగా క్యాడ్‌లో (కంప్యూటర్ డ్రాయింగ్‌లో) కూర్చునేవాళ్లే ఎక్కువ. దయచేసి దాటకండి. మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చే రోజు ఇదే.

రెండు ప్లైవుడ్ పలకలు నిలబెట్టి, రోలర్ షాఫ్ట్ పైకీ కిందికీ జరిగేలా నిలువు గాడి కోయండి. షాఫ్ట్ చివర డ్రిల్ మిషన్ చక్‌లో బిగించి తిప్పండి. మోటార్, వైరింగ్ ఇప్పుడేమీ వద్దు. రోలర్ అడుగుకీ నేలకీ మధ్య ఉన్నది సందు. బంతి వ్యాసంలోంచి సందు తీసేస్తే వచ్చేది నొక్కుడు. 178 మి.మీ. ఫోమ్ బంతికి నేను 20 మి.మీ. నొక్కుడుతో, అంటే 158 సందుతో మొదలెడతాను. అక్కడి నుంచి 5 మి.మీ. చొప్పున అటూ ఇటూ జరుపుతూ ప్రతి సందులోనూ పదేసి సార్లు బంతి పెట్టి ఎన్నిసార్లు లోపలికి వచ్చిందో పుస్తకంలో రాయండి.

నొక్కుడు తక్కువైతే రోలర్ బంతి మీద జారుతూ శబ్దం చేస్తుంది, బంతి అక్కడే ఉంటుంది. ఎక్కువైతే రోలర్ బంతిని పైనుంచి పట్టుకోకుండా ముందు నుంచి తోసేస్తుంది, లేదా డ్రిల్ గట్టిగా మూలుగుతుంది. ముందుకు తోస్తుంటే రోలర్ వ్యాసం పెంచి చూడండి. పెద్ద రోలర్ బంతిని ఇంకాస్త పైనుంచి తాకుతుంది కాబట్టి సులువుగా ఎక్కుతుంది.

గట్టి ప్లాస్టిక్ బంతి అయితే అది నొక్కుకోదు, కాబట్టి నొక్కుకునే పని రోలర్ చేయాలి. అప్పుడు రెండు దారులున్నాయి: రోలర్ మీద మెత్తటి ఫోమ్ చుట్టడం, లేదా రోలర్ మొత్తాన్ని చిన్న చేతుల మీద ఊగేలా పెట్టి రబ్బరు ట్యూబ్‌తో కిందికి లాగి ఉంచడం. నాకు రెండోదే ఇష్టం. రెండు సైజుల బంతులకూ అదే సర్దుకుంటుంది, గోడకు గుద్దుకున్నా విరగదు. కిందికి ఎంతవరకు దిగాలో ఆపే బోల్ట్ మాత్రం తప్పకుండా పెట్టండి, లేకపోతే రోలర్ నేలకు రాసుకుంటుంది.

3. వేగం లెక్క

రోలర్ అంచు వేగం రోబో వేగం కంటే ఎక్కువ ఉండాలి. లేకపోతే రోబో వెళ్లి బంతిని తన్నినట్టే అవుతుంది. నేను రెండింతలు పెట్టుకుంటాను.

50 పైపుకి రబ్బరు తొడుగు వేస్తే దాదాపు 54 మి.మీ. అవుతుంది. 300 ఆర్పీఎం (నిమిషానికి 300 చుట్లు తిరిగే) మోటార్ నేరుగా బిగిస్తే: 3.14 × 0.054 × 300 ÷ 60, అంటే సెకనుకు 0.85 మీటర్లు. మీ రోబో 1.2 మీటర్ల వేగంతో పరిగెడుతుంటే కావాల్సింది 2.4. అంటే రోలర్ సుమారు 850 ఆర్పీఎంతో తిరగాలి. 300 మోటార్‌కి పెద్ద పుల్లీ పెట్టి మూడింతలు చేయొచ్చు కానీ తిప్పే బలం మూడో వంతుకి పడిపోతుంది. 800 నుంచి 1000 ఆర్పీఎం మోటార్ దొరికితే అదే మేలు. మోటార్ మీద రాసిన ఆర్పీఎం లోడ్ లేనప్పటిదని, బంతి పడ్డాక తగ్గుతుందని కూడా లెక్కలో పెట్టుకోండి.

4. రోలర్ తయారీ

పైపుని రంపంతో కోస్తే చివర వాలుగా వస్తుంది. పైపు చుట్టూ కాగితం చుట్టి, దాని అంచు వెంట గీత గీసి, పైపు తిప్పుకుంటూ కొద్దికొద్దిగా కోయండి. రెండు చివర్లలో బిగించే బిరడాలు త్రీడీ ప్రింట్ చేయొచ్చు, కానీ పైపు లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలిచాకే. బయట 50 అని రాసి ఉన్నా గోడ మందం బట్టి లోపల ఒక్కో పైపు ఒక్కోలా ఉంటుంది. ప్రింటర్ లేదంటే నైలాన్ రాడ్‌తో పీణ్యలో తిప్పించుకోండి. జిగురు ఒక్కటే నమ్ముకోవద్దు. పైపు గోడలోంచి బిరడాలోకి మూడు స్క్రూలు 120 డిగ్రీల తేడాతో వేయండి, తలలు లోపలికి దిగేలా.

షాఫ్ట్ బిరడాలో జారకుండా ఉండాలి. గుండ్రటి షాఫ్ట్ మీద ఒక గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) బిగిస్తే పది నిమిషాల్లో జారుతుంది. ఆకురాయితో షాఫ్ట్ మీద చిన్న చదును చేసి స్క్రూ మొన దాని మీద కూర్చునేలా చేయండి, వీలైతే 90 డిగ్రీల తేడాతో రెండు స్క్రూలు. షడ్భుజి షాఫ్ట్ దొరికితే ఈ బాధే ఉండదు.

పట్టు కోసం సైకిల్ ట్యూబ్ బాగా పనిచేస్తుంది. పైపు కంటే సన్నగా ఉన్న ట్యూబ్ తీసుకుని, లోపల టాల్కమ్ పౌడర్ చల్లి, సాక్సు తొడిగినట్టు లాగుతూ ఎక్కించండి. ఎక్కకపోతే కత్తిరించి పట్టీలా చేసి ఏటవాలుగా చుట్టి రెండు చివరలా జిప్ టై బిగించండి. చుట్టే దిక్కు చూసుకోండి, తిరిగేటప్పుడు పట్టీ అంచు బంతికి తగిలి లేవకూడదు.

తయారైన రోలర్‌ని బేరింగుల్లో పెట్టి, పక్కనే పెన్ను కదలకుండా ఆనించి చేత్తో తిప్పండి. పెన్నుకీ రోలర్‌కీ మధ్య ఖాళీ ఒక చుట్టులో 1 మి.మీ. కంటే ఎక్కువ మారితే బిరడా మధ్యలో లేదన్నమాట. అలాగే వదిలేస్తే 850 ఆర్పీఎం దగ్గర రోబో మొత్తం వణుకుతుంది.

5. పక్క పలకలు, షాఫ్టులు సమాంతరంగా

రెండు పలకలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, క్లాంప్ చేసి, ఒకేసారి రంధ్రాలు వేయండి. విడివిడిగా గీసి విడివిడిగా వేస్తే అర మిల్లీమీటరు తేడా ఎక్కడో ఒకచోట వస్తుంది. పలకలు నిలబెట్టాక పై నుంచి రెండు కర్ణాలూ కొలవండి, తేడా 1 మి.మీ. లోపు ఉండాలి. ఆ తర్వాత షాఫ్టుల మధ్య దూరం ఎడమవైపూ కుడివైపూ వెర్నియర్‌తో కొలవండి. ఇక్కడ ఐదు నిమిషాలు పెడితే తర్వాత ఐదు రోజులు మిగులుతాయి.

పలకలకు యాక్రిలిక్ వాడొద్దు. లేజర్‌లో అందంగా వస్తుంది, మొదటి గుద్దుకే పగులుతుంది. పాలీకార్బొనేట్ వంగి మళ్లీ నిలబడుతుంది, కానీ లేజర్‌లో సరిగా తెగదు, అంచులు కాలి పసుపు రంగుకి వస్తాయి. దాన్ని రౌటర్ (తిరిగే బిట్‌తో కోసే మిషన్) మీద కోయించండి. ఇంకో ముఖ్యమైన సంగతి: బోల్టులు ఊడకుండా వేసే థ్రెడ్‌లాకర్ ద్రవం పాలీకార్బొనేట్‌కి తగిలితే సన్నటి పగుళ్లు పుడతాయి. రెండేళ్ల క్రితం మా టీం పక్క పలక ఎవరూ ముట్టుకోకుండానే రంధ్రాల చుట్టూ సాలెగూడులా పగిలింది, కారణం తెలియడానికి మాకు రెండు రోజులు పట్టింది. పాలీకార్బొనేట్ దగ్గర నైలాక్ నట్లే వాడండి.

షాఫ్ట్‌ని అటూ ఇటూ జరగకుండా కాలర్లతో ఆపేటప్పుడు అర మిల్లీమీటరు ఖాళీ వదలండి. రెండు వైపులా బిగించేస్తే బేరింగులు పక్కకి నొక్కుకుపోయి బిగుసుకుంటాయి.

6. టైమింగ్ బెల్ట్

రెండు పుల్లీలకూ పళ్లు సమానమైతే లెక్క చాలా సులువు: బెల్ట్ పొడవులోంచి (పళ్లు × 5) తీసేసి, మిగిలినదాన్ని రెండుతో భాగించండి. 500 మి.మీ. బెల్ట్, 24 పళ్ల పుల్లీలు అయితే 500 − 120 = 380, సగం 190. అదే షాఫ్టుల మధ్య దూరం. ఒకటి 24, ఇంకొకటి 48 అయితే అదే బెల్ట్‌కి దాదాపు 159 వస్తుంది. బెల్ట్ కొన్నాకే రంధ్రం వేయండి, రంధ్రం వేసుకుని దానికి తగ్గ బెల్ట్ వెతకొద్దు. దొరికే పొడవులు కొన్నే.

మోటార్ బిగించే రంధ్రాలను గాడిలా, అటూ ఇటూ 3 మి.మీ. జరిగేలా కోయండి. టెన్షన్ చూడటానికి రెండు పుల్లీల మధ్య ఖాళీ భాగం నడుమ వేలితో నొక్కండి. ఆ భాగం పొడవుని 64తో భాగిస్తే వచ్చేంత కుంగాలి, 190కి సుమారు 3 మి.మీ. వేలికి గిటారు తీగలా తగిలితే ఎక్కువ బిగించారు. చిన్న పుల్లీ మీద కనీసం 6 పళ్లు బెల్ట్‌లో కూర్చుని ఉండాలి. అంతకంటే తక్కువైతే బంతి ఇరుక్కున్న ప్రతిసారీ టక టకమని దాటేస్తాయి.

రెండు పుల్లీల్లో కనీసం ఒకదానికైనా రెండు వైపులా అంచు పళ్లెం ఉండాలి, లేకపోతే బెల్ట్ పక్కకి నడిచి పడిపోతుంది. ప్రింట్ చేసిన పుల్లీలు పనిచేస్తాయి, అయితే పీఎల్ఏ (త్రీడీ ప్రింటర్లలో మామూలుగా వాడే ప్లాస్టిక్) సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో ఆపిన కారులో రోబో పెట్టి అన్నానికి వెళ్లొద్దు. బెంగళూరు చల్లదనానికి అలవాటుపడి మార్చిలో చెన్నైకో విజయవాడకో పోటీకి వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

7. పీయూ రౌండ్ బెల్ట్ అతికించడం

ఇది చూడటానికి చిన్న పని, ఎక్కువమంది చెడగొట్టేది ఇదే. మన ఇళ్లలో పాత కుట్టు మిషన్ తోలు బెల్ట్‌ని తీగ కొక్కెంతో కలిపేవాళ్లు కదా. పీయూకి కొక్కెం అక్కర్లేదు, రెండు చివర్లనూ కరిగించి కలిపితే ఒక్కటైపోతుంది.

పొడవు: షాఫ్టుల మధ్య దూరానికి రెట్టింపు, దానికి 3.14 × పుల్లీ వ్యాసం కలపండి. వ్యాసం అంటే గాడిలో కూర్చున్న బెల్ట్ మధ్యగీత దగ్గరిది. దూరం 300, వ్యాసం 40 అయితే 600 + 126 = 726 మి.మీ. బెల్ట్ సాగి బిగువుగా ఉండాలి కాబట్టి 8 శాతం తగ్గించండి, 668 వస్తుంది. కరిగిపోయేదానికి 2 మి.మీ. కలిపి 670 దగ్గర కోయండి.

అతికించే క్రమం:

చివర్లు కొత్త బ్లేడుతో నిలువుగా, మూలమట్టంగా కోయండి. కత్తెర వద్దు, నొక్కి కోస్తుంది.

పాత కత్తి వెడల్పు భాగాన్ని వేడిచేసి, రెండు చివర్లనూ దానికి రెండు వైపులా ఒకేసారి ఆనించండి. అంచు చుట్టూ కరిగిన చిన్న ఉంగరం కనపడాలి. పొగ వచ్చినా, గోధుమ రంగుకి తిరిగినా వేడి ఎక్కువైంది, ఆ ముక్క కోసేసి మళ్లీ మొదలెట్టండి. మంట నేరుగా పెట్టొద్దు. కిటికీ తీసి ఉంచండి, కాలిన పీయూ పొగ పీల్చకూడదు.

కత్తి తీసిన వెంటనే రెండు చివర్లూ ఒకే గీతలో కలపండి. ఇనుప యాంగిల్ ముక్క మూలలో పడుకోబెట్టి కలిపితే వంకర రాదు. గట్టిగా నొక్కితే కరిగినదంతా బయటికి పోయి లోపల ఖాళీ అవుతుంది, కాబట్టి మెల్లగా నొక్కి ఒక నిమిషం కదలకుండా పట్టుకోండి.

పదిహేను నిమిషాలు ముట్టుకోవద్దు. తర్వాత చుట్టూ ఉబ్బిన అంచుని గోరు కత్తెరతో తీసేయండి, లేకపోతే ప్రతి చుట్టుకీ పుల్లీ దగ్గర ఎగురుతుంది.

పరీక్ష: అతుకుని వేలి చుట్టూ గట్టిగా వంచి, అన్ని వైపులా తిప్పుతూ చూడండి. ఎక్కడైనా సన్నటి గీత తెరుచుకుంటే పారేయండి. మొదటి రెండు మూడు పాడవుతాయి, అందుకే అర మీటరు ఎక్కువ కొనమంటాను. పక్కపక్కన నాలుగైదు బెల్టులు వేస్తుంటే అన్నీ ఒకే పొడవు ఉండాలి, చెక్క మీద రెండు మేకులు కొట్టి ఆ కొలతకే కోయండి. ఒకటి వదులైతే బంతి ఆ వైపుకి తిరుగుతుంది.

రౌండ్ బెల్ట్ బదులు వెడల్పాటి ఫ్లాట్ బెల్ట్ వాడేవాళ్లకు ఒక్క మాట: ఒక రోలర్ మధ్యలో ఎలక్ట్రికల్ టేప్ కొన్ని చుట్లు వేసి నడుమ కాస్త ఉబ్బెత్తు చేయండి, బెల్ట్ తనంతట తానే మధ్యకి వస్తుంది. అప్పటికీ ఒకవైపు జరుగుతుంటే జరిగిన వైపు టెన్షన్ బోల్టుని పావు చుట్టు బిగించి, కాసేపు నడిపి చూసి, మళ్లీ పావు చుట్టు.

8. బంతులు ఒకదాన్నొకటి పట్టుకోవడం

ఒక్క బంతి చక్కగా వెళ్తుంది, రెండోది రాగానే రెండూ ఆగిపోతాయి. దీనికి కారణం బెల్ట్ బలం కాదు. ఒకవైపు బెల్ట్, రెండోవైపు కదలని పలక ఉంటే బంతి దొర్లుతూ వెళ్తుంది, దాని వేగం బెల్ట్ వేగంలో సగమే. రెండు బంతులు ఒకే దిక్కులో దొర్లుతూ ఆనుకుంటే, ఆనుకున్న చోట ఒకదాని ఉపరితలం పైకీ రెండోదానిది కిందికీ వెళ్తుంటుంది. రెండు టెన్నిస్ బంతులు చేత్తో ఆనించి ఒకే దిక్కున తిప్పిచూడండి, వెంటనే అర్థమవుతుంది. ఫోమ్ లాంటి పట్టున్న బంతులకు ఇది ఇంకా ఎక్కువ.

మందు మూడు రకాలు. రెండు వైపులా బెల్ట్ వేస్తే బంతి దొర్లదు, బెల్ట్ వేగంతోనే నేరుగా వెళ్తుంది. బరువు, ఖర్చు పెరుగుతాయి, కానీ నేను చేతనైతే ఇదే చేయిస్తాను. అది వీలుకాకపోతే లోపలి బెల్ట్‌ని ముందుదానికంటే వేగంగా తిప్పండి, బంతుల మధ్య ఎడం దానంతటదే వస్తుంది. లేదా ద్వారం దగ్గర సెన్సర్ పెట్టి, బంతి వచ్చినప్పుడే బెల్ట్‌ని ఒక బంతి మేర కదిలించి ఆపండి. కదలని పలక మీద నున్నటి టేప్ అంటించి గట్టెక్కుదామని చూడొద్దు, పట్టు పోయి దొర్లడం కూడా ఆగిపోతుంది.

9. మోటార్, వైరింగ్

మోటార్ ఆగిపోయినప్పుడు లాగే కరెంట్‌ని డ్రైవర్ తట్టుకోగలదా చూసుకోండి, ఇన్‌టేక్‌లో మోటార్ ఆగడం మామూలే. డ్రైవర్ పరిమితి కంటే తక్కువ ఫ్యూజ్ పెట్టండి. రిమోట్‌లో వెనక్కి తిప్పే బటన్ మొదటి రోజు నుంచే ఉండాలి, బంతి ఇరుక్కుంటే బయటికి ఉమ్మేయడానికి. పని చేసేటప్పుడు బ్యాటరీ ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు. జడలు, చున్నీలు, ఐడీ కార్డు ట్యాగులు రోలర్ దగ్గరికి రాకూడదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు, పక్కవాళ్లకి గట్టిగా చెప్పండి.

10. సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

మొదట కరెంట్ లేకుండా చేత్తో తిప్పండి. చుట్టంతా ఒకేలా తేలిగ్గా తిరగాలి. ఒకచోట బిగుసుకుంటే షాఫ్ట్ వంకర, చుట్టంతా బిగుతుగా ఉంటే బేరింగులు ఒకే గీతలో లేవు లేదా బెల్ట్ ఎక్కువ బిగించారు.

తర్వాత బెల్ట్ తీసి మోటార్ ఒక్కటే నడిపి కరెంట్ రాసుకోండి, బెల్ట్ వేసి మళ్లీ రాసుకోండి. బంతి లేకుండానే రెండింతలు దాటితే నేను టెన్షన్ తగ్గించి, షాఫ్టులు మళ్లీ కొలుస్తాను. మల్టీమీటర్‌లో 10 ఆంప్స్ రంధ్రం వాడండి, బంతి ఇరికించి దాంతో కొలవొద్దు.

ప్రతి పుల్లీ మీద నుంచి షాఫ్ట్ మీదికి తెల్ల మార్కర్‌తో ఒకే గీత గీయండి. పది నిమిషాలు నడిపాక గీత విడిపోతే అక్కడ జారుతోంది. ఇంత చవకైన పరీక్ష ఇంకోటి లేదు.

ఇక అసలు పరీక్ష 50 బంతులు: నేరుగా 20, పక్క నుంచి 10, గోడ మూలలోంచి 10, రెండేసి కలిపి 5 సార్లు. గుర్తు పెట్టిన పెద్ద బంతీ చిన్న బంతీ ఇందులో ఉండాలి. రోబో కదులుతూ ఉండాలి, నిలబెట్టి చేత్తో అందించడం లెక్కలోకి రాదు. ఫుల్ చార్జ్‌తో ఒకసారి, బ్యాటరీ ఆట చివర్లో ఉండేంత తగ్గాక ఇంకోసారి. ఎక్కడ తప్పిందో రాసుకుంటే కారణం కూడా తెలుస్తుంది: మూలల్లోనే తప్పుతుంటే రోలర్ వెడల్పు చాలట్లేదు, బ్యాటరీ తగ్గాకే తప్పుతుంటే నొక్కుడు ఎక్కువుంది, చిన్న బంతే తప్పుతుంటే నొక్కుడు తక్కువుంది. అప్పుడు ఒక్కటే మార్చి మళ్లీ 50. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఆ తర్వాత రోబోని గోడకి రెండు మూడుసార్లు మామూలు వేగంతో గుద్దించి, కర్ణాలు మళ్లీ కొలవండి.

పోటీకి వెళ్లేటప్పుడు ముందే అతికించి, ఇంట్లో ఒక గంట నడిపి చూసిన రౌండ్ బెల్టులు నాలుగు, టైమింగ్ బెల్టులు రెండు, గ్రబ్ స్క్రూలు, వాటి ఎలెన్ కీ ఒక డబ్బాలో పెట్టుకోండి. బెల్ట్ మార్చాలంటే షాఫ్ట్ ఊడదీయాల్సి వస్తుంది, రెండు మ్యాచ్‌ల మధ్య అంత టైం ఉండదు. అందుకని కట్టేటప్పుడే ప్రతి షాఫ్ట్ మీదా ఒక అదనపు బెల్ట్ ఎక్కించి, దాన్ని పక్క పలకకి దేనికీ తగలకుండా జిప్ టైతో కట్టి ఉంచండి. నడిచే బెల్ట్ తెగితే ముక్క లాగేసి, జిప్ టై కోసి, కొత్తదాన్ని గాడిలోకి జరిపితే సరిపోతుంది.